పాక్ తుగిమన్ సుత్తి పరీక్ష

ఊరంతా మర్యాదగా 'పాక్' అని, అంటే 'అయ్యా' అని, పిలిచే తుగిమన్‌కి ఉన్నది ఒకటే జబ్బు. ఏ వస్తువునైనా పగలగొట్టి లోపల చూస్తే తప్ప నమ్మడు.

బాతుర్ ఊళ్లోని పోత ఇనుము కార్ఖానాలో ఈ జబ్బుకే జీతం ఇస్తారు. కరిగిన ఇనుమును ఇసుక అచ్చుల్లో పోసి మురుగుకాలువ మూతలు చేస్తారు. ప్రతి విడతలో ఒక మూతను సమ్మెటతో బద్దలుకొట్టి, విరిగిన చోట రంగు చూడాలి. బూడిదరంగు ఉంటే మంచి సరుకు, లారీ ఎక్కినా మోస్తుంది. తెల్లగా మెరిస్తే తొందరపడి చల్లారిందన్నమాట. దాన్ని అరగదీయబోతే ఆకురాయికే పళ్లూడతాయి. ముప్పై ఏళ్లుగా తుగిమన్ పని ఇదే. చిక్కల్లా, ఇంటికి వెళ్లాక కూడా ఆపడు.

ఆయన భార్య లగియెమ్ డజను పళ్లేలు కొంటే ఇంటికి పదకొండే చేరతాయి. కూతురికి సంబంధం చూడటానికి వెళ్లినప్పుడు పెళ్లికొడుకు తండ్రి ముందే చెప్పేశాడు, "మాకు వీడొక్కడేనండీ, డజను మంది లేరు" అని.

"కొబ్బరిబొండాన్ని కూడా సుత్తితో కొట్టాలా? కత్తి ఉందిగా" అని లగియెమ్ విసుక్కునేది.

"కోస్తే కత్తి చూపించిందే కనబడుతుంది. పగిలితే అది దాచుకున్నదంతా బయటపడుతుంది" అనేవాడు, మొహం మీది నీళ్లు తుడుచుకుంటూ.

అలాంటి మనిషి యజమాని కూతురు నింగ్రుమ్ కంట్లో పడ్డాడు. ఆవిడ బాండుంగ్‌లో ఇంజనీరింగ్ చదివొచ్చి, కార్ఖానాకి నాణ్యత నేర్పడం మొదలుపెట్టింది. గోడనిండా సర్టిఫికెట్లు తగిలించింది. ఫారం నింపినట్టు సంతకం పెట్టడానికి ఇంకో ఫారం తెచ్చింది. సరుకు కొనే కంపెనీ ఆఫీసరు వచ్చినప్పుడల్లా రెండు గంటలు ఫారాలు చూసి, పది నిమిషాలు మూతల మీద బరువు దింపి చూసేవాడు. నెలలో మూడు విరిగితే, ఆ మూతలు పోసిన పనివాడు ఇక ఇంట్లో కూర్చోవాలి. ఆ నిబంధన కూడా నింగ్రుమ్ పెట్టిందే.

ఒకరోజు కంప్యూటర్లో ఆవిడకి విడ్డూరం కనబడింది. వెంటనే తుగిమన్‌ని పిలిపించింది.

"పాక్, కర్సో తాత మీకేం అపకారం చేశాడు?"

"నాకా? మొన్న సోయాగింజల టెంపే వేయించి పెట్టాడు. ఉప్పెక్కువైంది."

"ఏడాదిలో అరవై మూతలు పగలగొట్టారు. యాభై ఎనిమిది ఆ తాత పోసినవే."

"మిగతా రెండూ ఆయన జ్వరమొచ్చి రాని రోజులవి అయ్యుంటాయి."

"చేతికొచ్చింది తీయాలి గానీ, ఏరి తీయకూడదు."

"చేతికొచ్చిందే తీశానమ్మా. నా చెయ్యి అటే పోతుంది, ఏం చేయను?"

"రేపట్నుంచి చీటీ వేస్తాం. ఏ నంబరొస్తే అది పగలగొట్టండి."

తుగిమన్ తల గోక్కుంటూ వెళ్లిపోయాడు.

పగ ఎంత ముదిరిందో చూద్దామని నింగ్రుమ్ సాయంత్రం పెరట్లోని పగిలిన ముక్కల కుప్ప దగ్గరకు వెళ్లింది. మళ్లీ కరిగించడానికి పోగేసినవి అవి. ఒక ముక్క తిరగేసింది. ఇనుము మంచి బూడిదరంగే, మధ్యలో మాత్రం ఇసుక కూరుకుని డొల్ల. ఇంకోటి చూసింది, అదీ అంతే. కర్సో తాత నంబరున్న ప్రతి ముక్కా అంతే. డెబ్భై దాటిన తాతకి కళ్లలో పొర వచ్చింది. అచ్చులో రాలిన ఇసుక గడ్డ ఆయనకి కనబడటం లేదు. ఇవన్నీ ఆఫీసరు బరువు కిందకి వెళ్లి ఉంటే తాత ఏడాది కిందటే ఇంట్లో కూర్చునేవాడు. నలభై ఆరేళ్లు ఇసుకలో చేతులు పెట్టిన మనిషి ఇంట్లో ఏం చేస్తాడు? నింగ్రుమ్‌కి తన నిబంధన మీద తనకే సిగ్గేసింది.

మర్నాడు ఆఫీసరు వచ్చాడు. ఇరవై మూతలు వరసగా పెట్టారు. తుగిమన్ అలవాటుగా చిన్న సుత్తితో ఒక్కోదాన్నీ తట్టుకుంటూ వెళ్లాడు. పదహారోది బొంగురుగా మోగేసరికి ఆగి, మళ్లీ తట్టి, నింగ్రుమ్ వైపు దీనంగా చూశాడు. పక్కనే కర్సో తాత ఛాతీ విరుచుకుని నిలబడి ఉన్నాడు.

నింగ్రుమ్ డబ్బాలోంచి చీటీ తీసి విప్పింది. అందులో నాలుగు ఉంది.

"పదహారు" అంది.

"ఆ చీటీ ఇలా ఇవ్వండి, ఫైల్లో పెట్టాలి" అన్నాడు ఆఫీసరు.

ఆవిడ దాన్ని ఉండచుట్టి కొలిమిలో పడేసింది. "చదివాక కాల్చేయాలి. మా నిబంధన."

"ఏ ఫారంలో ఉంది?"

"సాయంత్రంలోగా పంపిస్తాను."

ఫారం వస్తుందనగానే ఆఫీసరు మనసు కుదుటపడింది. ఈలోగా తుగిమన్ ఒక్క దెబ్బతో పదహారో మూతని నాలుగు ముక్కలు చేశాడు. డొల్ల అందరికీ కనబడేలా పైకే ఉంది. ఆఫీసరు ఫారం చూసుకున్నాడు. అందులో రంగుకి తప్ప డొల్లకి గడి లేదు. 'బూడిద, సరి' అని టిక్కు పెట్టి, మిగతా పందొమ్మిదింటి మీదా బరువు దింపాడు. ఒక్కటీ విరగలేదు.

కర్సో తాత మాత్రం ముసిముసిగా నవ్వుకుంటూ వచ్చి, నింగ్రుమ్ చెవి దగ్గర గొంతు తగ్గించాడు.

"వాళ్లెవరికీ చెప్పకు, కుళ్లుకుంటారు. పరీక్షకు పెట్టేది ఎప్పుడూ అన్నిట్లోకీ మంచిదాన్నే కదమ్మా. తుగిమన్‌కి తెలుసనుకో, చీటీక్కూడా తెలిసిపోయింది చూడు."