వన్స్ మోర్ అన్నవాళ్ళు స్టేజీ ఎక్కాలి

చెమటకాయలతో ఒళ్ళంతా ఎర్రబడిన చంటిపిల్లను ఎత్తుకుని మొన్న మధ్యాహ్నం ఒకావిడ మా మందుల షాపుకొచ్చింది. రాయదుర్గం ఎండ సంగతి కొత్తగా చెప్పేదేముంది, మే నెలలో షట్టరు తాకితే చేయి కాలుతుంది. జింకు పొడి ఇచ్చాను. కొబ్బరినూనెలో ఎంత కలపాలో ఆమెకు అర్థం కాకపోతే నేనే అరచేతిలో వేసుకుని రంగరించి చూపించాను. ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు మళ్ళీ పదిహేనేళ్ళు వచ్చేశాయి. మా ఊరి హైస్కూల్లో సైన్సు గది, నాటకం వేషాలకు వరుసగా నిలబడ్డ పిల్లలు, వాళ్ళ మొహాలకు ఇదే జింకు పూస్తున్న నేను. వెనక నుంచి సువార్తమ్మ టీచర్ గొంతు: "అంత తెల్లగా పుయ్యొద్దప్పా, మన మొహాలు మనకు కనపడాల!"

ఆమెను మీరెవరూ చూసి ఉండరు కాబట్టి చెబుతున్నాను. పొట్టి మనిషి, కొప్పులో ఎప్పుడూ ఒక ఎర్రపెన్ను, మైకు అక్కర్లేని గొంతు. గుత్తి నుంచి బదిలీ మీద వచ్చి మాకు జీవశాస్త్రం చెప్పారు. ప్రత్యుత్పత్తి పాఠం వస్తే అంతకు ముందున్న అయ్యవార్లు "ఇది ఇంటికాడ చదువుకోండి" అని పేజీలు తిప్పేసేవాళ్ళు. ఆమె అదే పాఠం మూడు రోజులు చెప్పారు. "నవ్వేటోళ్ళంతా ఇప్పుడే నవ్వి అయిపోగొట్టండి, పరీక్షలో నవ్వుకు మార్కులు రావు," అన్నారు. కోపం ముక్కు మీదే ఉండేది. కానీ తప్పు తనదైతే తనదని పైకి ఒప్పుకునేవారు. మా ఊరి పెద్దవాళ్ళలో ఆ గుణం నేను అంతవరకూ చూడలేదు.

వానలు మొహం చాటేసిన ఏడల్లా నాటకం ఆడించడం మా ఊరి ఆనవాయితీ. దానికి మేఘాలు కదిలేవో లేదో గానీ, మా సీమలో నాటకానికి మాత్రం కరువు ఉండేది కాదు. ఆడవేషాలు కూడా మగవాళ్ళే కట్టాలి. రాణి వేషం మా నాయనది. పేరు తిప్పేస్వామి, వేరుశనగ రైతు, బారెడు మీసం. నాటకానికి పది రోజుల ముందు ఆ మీసం తీసేసి, చీర కట్టి నడక సాధన చేసేవాడు. ఆయన పద్యం అందుకుంటే జనం "వన్స్ మోర్" అని కేకలు పెట్టేవాళ్ళు. వన్స్ మోర్ అంటే మళ్ళీ పాడాల్సిందే, గొంతు బొంగురుపోయినా కాదనడం మర్యాద కాదు. అంతటి నాయన నా నడక చూస్తే మాత్రం మండిపడేవాడు. నువ్వు నడిస్తే ఒప్పు, నేను నడిస్తే తప్పా అని ఒకసారి అడిగేశాను. చెంప మీద ఒకటి తగిలించి, "నాది వేషం రా. తెల్లారితే కడుక్కుంటా. నీది కడుక్కో చూద్దాం," అన్నాడు.

నాకు మగపిల్లల మీదికే మనసు పోతుందని తొమ్మిదో తరగతిలోనే తెలుసు. ఆ సంగతి కడుపులో దాచుకోలేక నోటుపుస్తకం చివరి పేజీలో నాలుగు వాక్యాలు రాసుకున్నాను, మా తరగతిలోనే ఒకడి గురించి. పదో తరగతి మొదట్లో శీన అనేవాడికి ఆ పుస్తకం దొరికింది. బల్లెక్కి చదివాడు. ఆ రోజు నుంచి నేను గదిలో అడుగుపెడితే చప్పట్లు, అరచేతులు అడ్డంగా తగిలించి హిజ్రాలను వెక్కిరిస్తూ కొట్టే చప్పట్లు. ఆడంగి అన్నదే నా పేరైపోయింది. మూత్రశాల దగ్గర ఇంకా ఘోరం. అటు పోవాల్సిన పని లేకుండా పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగడం మానేశాను. కబురు ఇంటిదాకా పోయింది. "ఈ పరీక్షలైనాక సదువు చాలు. రాయదుర్గంలో బట్టలు కుట్టే మిషన్ల కాడ చేరుస్తా," అన్నాడు నాయన. చదువుకుంటే ఎక్కడికైనా పోయి బతకొచ్చన్న ఆశ ఒక్కటే మిగిలి ఉండేది, అదీ పోయింది. బతకడమెందుకని రోజూ అనిపించేది.

మొదట సువార్తమ్మ టీచర్ కూడా పొరపాటే చేశారు. నేను ఏడుస్తూ చెప్పుకుంటే, "కొంచెం గట్టిగా, మగపిల్లోని మాదిరి నడువప్పా. వాళ్ళే నోరు మూసుకుంటారు," అని పంపేశారు. వారం తిరక్కుండా నేను ప్రార్థనలో కళ్ళు తిరిగి పడిపోయాను. సైన్సు గదిలో పడుకోబెట్టి గ్లాసుతో నీళ్ళు తెచ్చారు. నేను తాగలేదు.

"ఏమప్పా, నీళ్ళు గూడా చేదా?"

"తాగితే బాత్రూంకు పోవాల టీచర్."

ఆమె గ్లాసు పక్కన పెట్టారు. తర్వాత స్టూలు దగ్గరికి లాక్కుని సూటిగా అడిగారు. "సచ్చిపోవాలని అనిపిస్తాందా?" ఆ మాట నన్ను అంతవరకూ ఎవరూ అడగలేదు. తల ఊపాను. ఆమె తిట్టలేదు, దేవుడి మాటలు చెప్పలేదు. "మొన్న నేను నీకు చెప్పింది తప్పు. మార్చుకోవాల్సింది నువ్వు గాదు. నన్ను మన్నించు నాయనా," అన్నారు. ఒక టీచరు నన్ను మన్నించమనడంతో నాకు ఏడుపు ఆగలేదు. ఆ శనివారం అమ్మనూ నన్నూ బస్సెక్కించుకుని అనంతపురం పెద్దాసుపత్రిలో మనసు డాక్టరుకు చూపించారు. రోజూ ప్రార్థనకు ముందు తనకు మొహం చూపించాలని షరతు పెట్టారు. ఒక రోజు ఆలస్యమైతే ఎండలో మా ఇంటిదాకా నడిచొచ్చారు.

వార్షికోత్సవానికి ఈ వెక్కిరింతల మీదే నాటకం వేయాలన్న ఆలోచన ఆ తర్వాతది. ముందు నన్నే అడిగారు. "నీ పేరుండదు, నీ పుస్తకం ఊసుండదు. అయినా నువ్వొద్దంటే ఈ పొద్దే ఇడ్సిపెడ్తా." ఆలోచించుకోవడానికి రెండు రోజులు తీసుకుని సరే అన్నాను. నాకు వేషం ఇవ్వలేదు, మొహాలకు రంగు పూసే పని ఇచ్చారు. వేధింపులు పడే పిల్లవాడి వేషం శీనకిచ్చారు. మొదటి రిహార్సల్లో వాడు పళ్ళికిలిస్తూ వచ్చి నిలబడ్డాడు. చుట్టూ ముప్పైమంది చప్పట్లు కొట్టారు. టీచర్ ఆపమనలేదు. రెండు నిమిషాలకు శీన నవ్వు ఎగిరిపోయింది, మూడో నిమిషానికి చెవులు మూసుకుని కింద కూలబడ్డాడు. ఆమె వాడి పక్కన కూర్చుని, "నీకైతే మూడు నిమిషాలేనప్పా," అన్నారు. అంతకు మించి నీతులేమీ చెప్పలేదు.

వార్షికోత్సవం సాయంత్రం నాలుగింటికి మొదలైంది. ముందు వరుసలో నాయన, ఆయన నాటకం జట్టు. టీచర్ స్టేజీ మీదికొచ్చి, "ఇదీ మన ఊరి నాటకమే. వన్స్ మోర్ అనొచ్చు. కానీ అన్నోళ్ళు స్టేజీ ఎక్కి ఆ సీను మార్చి ఆడాల," అని చెప్పారు. శీన తరగతిలోకి వచ్చాడు. చప్పట్లు మోగాయి, జనం నవ్వారు. నాయన పక్కనున్నాయన మోచేత్తో పొడిచి చెవిలో ఏదో అన్నాడు. తెర సందులోంచి నాకు అంతా కనపడుతోంది. ఉన్నట్టుండి నాయన లేచి, అందరికంటే పెద్దగా నవ్వుతూ "వన్స్ మోర్!" అని అరిచాడు. ఈ కథతో తనకు ఏ సంబంధమూ లేదని ఊరికి చాటడానికే ఆ అరుపు.

"రా తిప్పేస్వామన్నా," అన్నారు టీచర్. "ఈ పిల్లోని నాయన వేషం నీది. కొడుకును చూసేదానికి బడికొచ్చినావు. ఆడు."

అంతమందిలో పిలిస్తే ఎక్కనంటే నటుడి పరువేం కాను? ఎక్కాడు. పిల్లలు చప్పట్లు మొదలుపెట్టారు. వందల పద్యాలు నోటికొచ్చిన మనిషి స్టేజీ మీద అటూ ఇటూ రెండుసార్లు నడిచాడు. చివరికి శీన భుజం పట్టుకుని, "పా నాయనా, ఇంటికి పోదాం. ఈ బడీ వద్దు, ఈ సదువూ వద్దు," అన్నాడు. జనం అదే మేలన్నట్టు తలలూపారు.

"వన్స్ మోర్!" తెర పక్క నుంచి టీచర్ కేక పెట్టారు. "పిల్లోడు ఇంటికి పోతే సప్పట్లు కొట్టినోళ్ళే గెల్సినట్ల గదన్నా. మళ్ళా ఆడు."

జనం నవ్వారు. నాయన నవ్వలేదు. వెనక్కి పోయి మళ్ళీ లోపలికి వచ్చాడు. ఈసారి చాలాసేపు ఆ చప్పట్లు విన్నాడు. చేయి మీసం మీదికి పోయింది. "నేను మొదుటిసారి మీసం తీసినప్పుడు ఈ ఊర్లోనే నాకూ కొట్నారు ఇవే సప్పట్లు," అన్నాడు. "ఎనిమిది దినాలు సేన్లోకి పోల్యా." ముందు వరుసలో నవ్వు ఆగిపోయింది. ఆయన పోయి బల్ల మీద శీన పక్కన కూర్చున్నాడు. "వీడు ఈడే సదువుకుంటాడు. నేనూ ఈడే కూచుంటా. కొట్టండ్రా, ఎంతసేపు కొడ్తారో చూస్తా."

ఎవరూ కొట్టలేదు. శీన మొహం మీద నేను పూసిన రంగు కన్నీళ్ళతో చారలు కట్టింది. ఇంటికి నడుస్తున్నప్పుడు నాయన నా వైపు చూడకుండా ఒక్కటే అడిగాడు, "రేపు బడి ఎన్నింటికి?"

ఆ ఒక్క సాయంత్రంతో అంతా చక్కబడిందంటే అబద్ధం. శీన నాకు స్నేహితుడు కాలేదు. కానీ ఒకరోజు మూత్రశాల దగ్గర ఎవడో నన్ను ఏదో అంటే "నోర్ముయ్‌రా" అన్నాడు. నాయన కుట్టుమిషన్ల మాట మానేశాడు గానీ నా సంగతి ఈనాటికీ నాతో ఎత్తలేదు. చుట్టాలు నా పెళ్ళి మాట తెస్తే "వాని ఇష్టం వానిది" అని చేను దారి పడతాడు. నాకది చాలదు, అయినా తక్కువేమీ కాదు. ఇదేం నాటకమని పైనుంచి టీచరుకు సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. జీవశాస్త్రంలో భాగంగానే ఆడించానని జవాబు రాసి, మరుసటి ఏడు బదిలీ అయిపోయారు.

రెండేళ్ళ కిందట ఆమె పోయారు. అంతకు కొన్నాళ్ళ ముందు గుత్తి వెళ్ళి చూశాను. మంచంలో ఉన్నా గొంతు మాత్రం తగ్గలేదు. నాయన వన్స్ మోర్ అంటాడని ముందే తెలుసా అని అడిగాను. "తెల్దప్పా," అన్నారు. "నువ్వు తెర ఎనక ఉండావు. మీ నాయన ఏమన్నా కూయకూడని కూత కూస్తే నిన్ను ఎట్ల నిలబెట్టుకోవాల అనే ఆలోచన ఒగటే." మరి అట్లాగే జరిగి ఉంటే ఏం చేసేవారన్నాను. "ఏం చేస్తా, తప్పైందని చెప్పి మళ్ళా మొదలుపెడుదును," అన్నారు.

పోయిన నెల కాలేజీ యూనిఫారంలో ఒక పిల్లవాడు వచ్చి, షాపులో అందరూ పోయేదాకా నిలబడి నిద్రమాత్రలు అడిగాడు. "డాక్టరు చీటీ లేకుండా ఇవ్వం, పో," అనేశాను. అది రూలే. వాడు మెట్లు దిగాడు. వాడు రోడ్డు దాటేలోపే నా మాట నాకు గుచ్చుకుంది. షాపు వదిలి ఎండలోకి పరిగెత్తి వాణ్ణి వెనక్కి పిలుచుకొచ్చాను. కౌంటరు అవతలికి పోలేదు, బయట బెంచీ మీద వాడి పక్కనే కూర్చున్నాను.

"ఇందాక సరిగ్గా అడగలేదు తమ్ముడూ," అన్నాను. "నిద్ర పట్టక ఎన్ని దినాలాయ?"