ఆరు లెక్కపెట్టేలోపు దాటేస్తాననుకున్నాను

పత్తి తీసేటప్పుడు మా పెద్దకడుబూరు వైపు అందరం తలా ఒక సాలు పట్టుకుంటాం. ముందు ముగించినవాళ్ళు, వెనకబడినవాళ్ళ సాలులోకి అవతలి చివర నుంచి ఎదురొస్తారు. ఇరవై ఏళ్ళుగా అలా ఎదురెళ్ళేదాన్ని నేనే. ఆ రోజు నా తోడికోడలు రత్నమ్మ నాకే ఎదురొచ్చింది.

"ఏమక్కా, ఈ పొద్దు ఇంత నిదానంగా తీస్తాండావు?"

"నేనేం నిదానం? నువ్వే సగం పత్తి ఇడిసిపెట్టి వచ్చింటావు!" అని కస్సుమన్నాను. నా చేతులు ఎప్పటిలాగే ఆడుతున్నాయనే నా నమ్మకం. వెళ్ళి ఆమె సాలు చూశాను. ఒక్క కాయలో కూడా పత్తి మిగల్లేదు.

తర్వాత కుడి చెయ్యి వణకసాగింది. తీసిన పత్తి వేసుకునే ఒడి ముడి కూడా విప్పుకోలేకపోయేదాన్ని. ఆదోనిలో నరాల బలహీనతన్నారు. కర్నూలులో డాక్టరు వేళ్ళు ఆడించమని, నడవమని, ఎం.ఆర్.ఐ. తీయించి, "పార్కిన్సన్స్. పూర్తిగా పోదమ్మా, మందులతో అదుపులో పెడదాం" అన్నారు. మాత్రలతో కాస్త తేలికపడ్డాను. బాగైపోయానని మిడిసిపడ్డాను కూడా.

ఒకసారి మాత్రల కోసం రత్నమ్మతో ఆదోని వెళ్ళాను. మార్కెట్ యార్డు రోడ్డులో పత్తి లారీ దూరంగా ఉంది. "అది వచ్చేలోపల దాటేస్తాం, రా" అని ఆమె చెయ్యి పట్టి లాగాను. నడిరోడ్డులో నా కాళ్ళు నేలకు అతుక్కుపోయాయి. రత్నమ్మ నన్ను అవతలికి తోసి తను పడింది. లారీ ఆగింది గానీ ఆమె మణికట్టు విరిగింది. సీజనంతా కూలి పోయినా నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయికి ఇది చెప్పుకుని ఏడ్చాను. "కండ్లు మూసుకోమ్మా. ఆ తలుపు కాడికి మనసులోనే నడువు. చేరినాక చెయ్యెత్తు" అంది. ఆమె ఆరు లెక్కపెట్టేసరికి చెయ్యెత్తాను. నిజంగా నడిస్తే పంతొమ్మిది అయింది.

"కాళ్ళు నిదానమైనాయని నీ మనసుకు ఇంగా తెలీలేదమ్మా" అంది.

పొలంలో నా చేతుల్లో రత్నమ్మ చూసింది అదేనని అప్పుడర్థమైంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఇప్పుడూ సాలు పడతాను. సగానికి రాకముందే రత్నమ్మ ఎదురొస్తుంది, సరిగా అతకని ఆ మణికట్టుతోనే.

ఈ జబ్బున్నవాళ్ళకు ఒక్క మాట. రోడ్డంత దూరం ఇంటి ముందు కొలుచుకుని నడవండి. లెక్క మాత్రం పక్కవాళ్ళు పెట్టాలి. రోడ్డు దగ్గర ఆ లెక్కనే నమ్మండి, మీ మనసు చెప్పేది కాదు.

మొన్న మళ్ళీ అదే రోడ్డు దగ్గర నిలబడ్డాం. "పోదామా అక్కా?" అంది రత్నమ్మ. లారీ చాలా దూరంలో ఉన్నట్టే అనిపించింది నాకు.

"నన్నడగద్దు. నువ్వే సెప్పు" అన్నాను.