ఔట్ పడ్డ ఆగయ్య

పట్నాల పేర్లు పెట్టుకున్న జట్లు ఇరవై ఓవర్ల ఆట మొదలుపెట్టిన మొట్టమొదటి ఎండాకాలం అది. మొదటి షిఫ్టు దిగివచ్చిన మగవాళ్ళకు అన్నం కంటే టీవీ ముఖ్యమైపోయింది. చెవుల వెనక బొగ్గు అట్లాగే పెట్టుకొని, హైదరాబాద్ జట్టు మళ్ళీ ఓడుతోందని మొహాలు వేలాడేసుకునే వాళ్ళను చూస్తే లస్మవ్వకు నవ్వు వచ్చేది.

గోదావరిఖనిలో వాళ్ళ వరుస క్వార్టర్లకల్లా పెద్ద టీవీ నుస్రత్ బేగం ఇంట్లోది. కొడుకు తాబిష్ కొన్నాడు. నాలుగింటి ఆట ఉన్న రోజు దాన్ని వరండాలోకి జరిపి, వాకిట్లో నీళ్ళు చల్లి చాపలు పరిచేవారు. లస్మవ్వ మాత్రం తన పీట తనే మోసుకొచ్చేది. దవాఖానాలో ఊడ్చి బతికింది గానీ, ఇంకొకరి చాప మీద కూర్చునే రకం కాదు.

ఆట ఆమెకు తెలియదు. ఎవడు ఔటైనా చప్పట్లు కొట్టేది.

"ఓ అవ్వా! మనోడు ఔటైతే చప్పట్లు కొడ్తవేంది? అసలు నీది ఏ టీమ్?" అని పక్కింటి వీరేందర్ మొత్తుకునేవాడు.

"బయటికొచ్చినోని టీమ్ రా! ఇంటికి వోయి తానం జేస్తడు, బువ్వ తింటడు. పెండ్లాం ఎదురుసూస్తుండదా?"

వాకిలంతా నవ్వేది. కానీ "నాటౌట్" అని అరుపు లేస్తే ఆమె కొంగు నోట్లో కుక్కుకొని, పీట కూడా మరిచి ఇంట్లోకి వెళ్ళిపోయేది. అది చూసి నవ్విన వాళ్ళు లేరు.

బొగ్గుబాయి మాటలే వేరు. దిగేటప్పుడు మస్టర్ పుస్తకంలో పేరు పక్కన ఇన్ పడుతుంది. పైకి వచ్చాక ఔట్ పడుతుంది. ఔట్ పడిందంటే మనిషి బతికి వచ్చినట్టు. ఆ మాట వింటే ఆడవాళ్ళకు మళ్ళీ ఊపిరి ఆడుతుంది.

ఇరవై రెండేళ్ళ కింద ఒక రోజు నాలుగు దాటినా లస్మవ్వ భర్త ఆగయ్య ఇంటికి రాలేదు. అయిదు కూడా దాటింది. బకెట్‌లో కాచి పోసిన నీళ్ళు చల్లారిపోయాయి. ఆమె బాయి గేటుకు ఉరికింది. మస్టర్ గదికి చెయ్యి పట్టేంత కిటికీ. లోపలి మనిషి మొహం కనిపించలేదు. నీలం రంగు ఫిరోజా రాయి ఉంగరం పెట్టుకున్న ఒక వేలు పుస్తకం మీద పైనుంచి కిందికి జారి ఒకచోట ఆగింది.

"ఆగయ్య... ఔట్ పడ్డదమ్మా. ఇంటికి పో."

పైకి వచ్చినవాడు ఇంటికి రాలేదంటే కల్లు దుకాణంలో కూర్చున్నట్టే. "తాగి తాగి ఆడనే సావు" అని తిట్టుకుంటూ వచ్చి ఆ నీళ్ళను మోరీలో పారబోసింది. పొద్దుగూకేసరికి నలుగురు మనుషులు వాకిట్లోకి వచ్చి తలలు వంచుకొని నిలబడ్డారు. కింద కప్పు కూలింది. పైకి వచ్చినవాళ్ళు లైట్లు తగిలించి పోయే దీపాల గదిలో ఆగయ్య కొక్కెం ఖాళీగా ఉంది. ఎంత తవ్వినా మనిషి దొరకలేదు. చివరికి ఆ దారిని గోడ కట్టి మూశారు. ఆయన అంగీకి దినాలు చేసి, ఆమె గాజులు తీశారు.

కొక్కెమేమో రాలేదంటుంది, పుస్తకమేమో వచ్చాడంటుంది. అక్షరం ముక్క రాని లస్మవ్వ అక్షరాన్నే నమ్మింది. వచ్చాడు, ఇల్లు మరిచి తిరుగుతున్నాడు. ఆనాటి నుంచి నాలుగింటి సైరన్ కూయగానే స్నానాల గదిలో బకెట్ పెట్టి తిట్లు అందుకునేది. "ఏడ తిరుగుతున్నవయ్యా? కాళ్ళు ఇరిగినయా? ఇల్లు యాదికి లేదా?" ఆ తిట్లు విని వరుసలో వాళ్ళు టైము చూసుకునేవారు. కొన్ని సాయంత్రాలు గడప మీద ఒక తడి పాదం గుర్తు ఉండేది, వేళ్ళ సందుల్లో నల్లటి నీళ్ళతో. ఎవరికీ చెప్పకుండా గుడ్డతో తుడిచేసేది.

మే నెలలో ఒక ఆట రోజున నుస్రత్ ఇంట్లో కూలర్ చెడిపోయింది. ఎప్పుడూ లోపలి గదిలోనే తస్బీహ్ పూసలు తిప్పుకుంటూ ఉండే ఆమె భర్త ముష్తాక్, ఉక్క భరించలేక వాకిట్లోకి వచ్చి కూర్చున్నాడు. మందమర్రిలో రిటైరై, రెండేళ్ళ కింద కొడుకు దగ్గరికి వచ్చిన మనిషి.

ఆటలో ఒకడు ఔటయ్యాడు. లస్మవ్వ చప్పట్లు కొట్టింది. వాడు సగం దూరం నడిచాక వెనక్కి పిలిచారు.

"ఇదేం ఆటరా? ఔట్ అన్నంక మల్ల లోపటికి ఎట్ల తోలుతరు?" అని ఆమె లేచింది.

"గలత్ అయిందక్కా" అన్నాడు ముష్తాక్. "అంపైర్ సక్కగ సూడకుంట వేలు లేపిండు. గిట్ల." తన వేలు ఎత్తి చూపించాడు.

ఆ వేలికి నీలం ఫిరోజా రాయి.

లస్మవ్వ దాన్ని చాలాసేపు చూసింది. "మందమర్రి కంటె ముందుగాల ఏ బాయి మీద జేసినవ్ భాయ్?"

"ఈడనే."

"మస్టర్‌లనా?"

ఆయన తల ఊపాడు. చెయ్యి తువ్వాలు కిందికి పోయింది. "నువ్వెవ్వరో నాకు ఎరికే అక్కా. ఈ ఇంటికి వచ్చిన దినమే గోడ అవుతల నీ తిట్లు ఇన్న. గందుకే బయటికి రాను."

"ఒక్కటే అడుగుత. ఆయిన పైకి వచ్చిండా? నువ్వు కండ్లార సూసినవా?"

"నలుగురు ఒక జట్టు. ముగ్గురు వచ్చిన్రు. ఎనుక వస్తుండు గదా అని నాలుగు ఔట్లు ఒక్కసారే పెట్టిన. దినాం గట్లనే పెడుతుంటి. పుస్తకంల ఔట్ ఉన్నదని రెండు గంటల దాంక ఎవ్వలు దేవులాడలే."

"అంటె రాలే."

"రాలేదక్కా."

"రాసింది నువ్వే. నువ్వే నోటితోని జెప్పి కొట్టెయ్యి."

ముసలాయన తువ్వాలు కిందినుంచి చెయ్యి తీసి, వేలితో గాలిలో అడ్డంగా గీశాడు. "ఆగయ్య... నాటౌట్."

"ఎవరు? ఎవరు నాటౌట్?" అని వీరేందర్ తెర మీదినుంచి తల తిప్పాడు.

"రెండు గంటలు" అంది లస్మవ్వ. "ఉంగరం మాత్రం మంచిగనే మెరుస్తున్నది భాయ్." పీట తీసుకొని వెళ్ళిపోయింది.

మర్నాడు నాలుగింటికి సైరన్ కూసింది. నుస్రత్ బేగం గోడ పక్కన నిలబడి తిట్ల కోసం చెవులు రిక్కించింది. పొయ్యి మీద నీళ్ళు మరిగే చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. భయమేసి గోడ మీదుగా తొంగి చూసింది.

"లస్మక్కా! పాణం మంచిగ లేదా? ఇయ్యాల తిట్టలేదేంది?"

"డ్యూటీల ఉన్నోన్ని తిడ్తరా ఎవరన్న?" అంది లస్మవ్వ.

గడప పొడిగా ఉంది. వరండాలోంచి "నాటౌట్!" అని అరుపు లేచింది. ఆమె కొంగు నోట్లోకి పోలేదు. బకెట్‌లో వేలు ముంచి చూసింది. చల్లారుతున్నట్టు అనిపించి, ఇంకో చెంబు వేడినీళ్ళు కలిపింది.