ఆదివారం పదకొండింటి మేత

వాకాడు దగ్గర మా రొయ్యల గుంటలకు మేత వేళలు గుర్తుచేసే ప్రోగ్రామ్ ఒకటి జావాస్క్రిప్ట్‌లో రాశాను. వేళకు ఫోను మోగుతుంది, గుంట దగ్గర ఉన్నవాళ్లు మేత చల్లుతారు. ఉద్యోగం వెతుక్కోకుండా సొంతంగా చేసిన మొదటి పని అది. బాగా రాశానని నాకు గట్టి నమ్మకం. ఇప్పటికీ ఆ మాటే అంటాను. చుట్టుపక్కల నలుగురు రైతులు తమ ఫోన్లలో పెట్టించుకున్నారు.

మొదటి వారం గడిచిందో లేదో, సోమవారం పొద్దున్నే పక్క గుంట రైతు మా షెడ్డుకొచ్చాడు.

“ఏమ్మా, నిన్న ఏడింటికి మోగాల్సిన ఫోను పదకొండుదాకా మోగలా. మా రొయ్యలు గూడా మీతో పాటు చర్చికి పొయ్యినాయా?”

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఆగిపోయింది. సరిచేస్తావా, నా ఫోనులో నుంచి తీసేస్తావా అని అడిగాడు. ఆయన వద్దంటే మిగతా ముగ్గురూ వద్దంటారు; నా పని అక్కడితో సరి.

తప్పు నాదే. గుంటలన్నిటికీ వర్తించే సంగతులను ‘గుంట’ అనే ఒకే క్లాసులో, అన్నిటికీ ఒకే అచ్చులా, రాశాను. కొత్త గుంటను ఎక్కించినప్పుడల్లా అందులోని కన్‌స్ట్రక్టర్ నడిచి, మేత వేళలు నింపుతుంది. మా ఇంట్లో ఆదివారం మొదటి మేత ఆరాధన అయ్యాకే, పదకొండింటికి. ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నది కదా, లోకంలో గుంటలన్నీ ఇంతే అనుకుని దాన్నీ అందులోనే పెట్టేశాను. ఎంత తెలివి!

ఆయన్ను కూర్చోబెట్టి అక్కడే మొదలుపెట్టాను. ‘గుంట’లోని వేళలన్నీ వారసత్వంగా అందుకునే ‘మా గుంట’ అనే పిల్ల క్లాసును పుట్టించి, ఆదివారం సంగతిని అందులోకి మార్చాను. నడపగానే తప్పుందంటూ తెర మీద ఎర్రక్షరాలు. పిల్ల క్లాసు కన్‌స్ట్రక్టర్ తన సంగతులు చెప్పుకునే ముందు, సూపర్ అని రాసి తల్లి క్లాసు కన్‌స్ట్రక్టర్‌ను పిలవాలి, తొందరలో మరిచాను. ఆ లైనును అన్నిటికంటే పైన చేర్చాను. ఆదివారం ఆయన గుంటకు ఏడు, మాకు పదకొండు.

ఆయన తెర వంక రెండుసార్లు చూసి, “నా రెండో గుంట గూడా ఎక్కించు” అన్నాడు.

ఆయన వెళ్లాక, గెలిచిన ఊపులో నాన్నను అడిగాను. “తాత పెట్టిన ఈ ఆదివారం పదకొండింటి నియమం మనకింకా ఎందుకు నాన్నా? ఇప్పుడు పనోళ్లుండారు గదా. తీసేసేదా?”

“తాతకి గుంటలెక్కడియి? అప్పుడు మేత చల్లేది నేనొక్కడినే. నేను తోడొస్తేనే సండే స్కూలుకి పోతానని ఏడస్తా ఉంటివి నువ్వు. సైకిల్ మీద తీసకపొయ్యి, అంతా అయిందాకా నీతోనే ఉంటి.”

నాకు ఏడుపొచ్చింది. తాత నుంచి వచ్చిందనుకున్న నియమానికి కారణం నేనట. ఆ ఆదివారం లైను మీద చెయ్యి వెయ్యలేదు.