నేను పలకలేకపోయిన పేరు

ఈ రచనలో ఎవరి పేరూ ఉండదు. ముప్పై ఏళ్లకు పైగా ఉపాధ్యాయుడిగా, ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసినవాడిని. ఇతరుల పేర్లతో నేను తీసుకున్న చనువు ఇక చాలు.

మా అమ్మాయి ఆళ్లగడ్డలో ఉంటుంది. ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని ఇంగ్లండులోని పిల్లలకు లెక్కలు చెబుతుంది. ఆమెకు ఆడపిల్ల పుట్టిన పదిహేనో రోజున నంద్యాలలో ఉన్న నాకు ఫోను చేసి ఒక పని అప్పగించింది. బిడ్డకు ఫ్రెంచి పేరు పెట్టాలి. ఆ పేరు ఇంగ్లీషువాళ్లు తడుముకోకుండా పలకగలిగేదై ఉండాలి.

"నా పేరును వాళ్లు రోజూ నమిలి ఊస్తాండారు నాయనా. దీనికి ఆ తిప్పలు వద్దు. నువ్వు పద్ధతిగా పేర్ల పట్టీ ఒకటి రాసుకోని రా" అంది.

ఫ్రెంచి ఎందుకని నేను అడగలేదు. అడిగే అర్హత నాకు లేదు.

నా భార్య నర్సు. ఒక మిషను ఆసుపత్రిలో ఫ్రాన్సు నుంచి వచ్చిన ఒక సిస్టరమ్మ దగ్గర పని నేర్చుకుంది. మా అమ్మాయి పుట్టినప్పుడు కాన్పు రెండు రోజులు సాగింది. ఆ రెండు రోజులూ సిస్టరమ్మ మంచం పక్క నుంచి కదలలేదు. బిడ్డ ఏడుపు వినపడ్డాక నా భార్య కళ్లు తెరిచి, "సిస్టరమ్మ పేరే పెడదాం" అంది. నేను సరేనన్నాను.

కృతజ్ఞత చెప్పడానికి వెళ్లి ఆమె పూర్తి పేరు అడిగాను. చెప్పింది. అందులో గొంతు అడుగునుంచి గీసుకుంటూ వచ్చే ఒక ధ్వని ఉంది. అది తెలుగులో లేదు, నేను బోధించే ఇంగ్లీషులోనూ లేదు. మూడుసార్లు ప్రయత్నించాను. మూడోసారి ఆమె చిరునవ్వు నవ్వి, ఇక చాలన్నట్టు నా చేతిమీద తట్టింది. ఆ నవ్వులో దయ తప్ప మరొకటి లేదు. కానీ అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు. ఉచ్చారణ సరిగా లేదని పిల్లలను బెంచీ ఎక్కించే ఉపాధ్యాయుడిని. చొక్కా వీపున తడిసిపోగా బయటికి వచ్చాను.

మా సంఘంలో ఒక మర్యాద ఉంది. బాప్తిస్మం ఇచ్చేటప్పుడు పాస్టరుగారు, "ఈ బిడ్డకు ఏ పేరు?" అని అడుగుతారు. జవాబు ఇంటి పెద్ద చెప్పాలి. ముందుగా కాగితం ఇచ్చే అలవాటు లేదు. పెద్ద నోట వచ్చిన పేరుతోనే నీళ్లు పోస్తారు, ఆ పేరే రిజిస్టరులో రాస్తారు. దాన్ని మళ్లీ మార్చరు. మా నాన్నగారు అప్పటికే పోయారు కనుక ఆ రోజు ఇంటి పెద్దను నేనే. పాస్టరుగారు అడిగారు. నేను మరొక పేరు చెప్పాను. అందరి నోటా సాఫీగా నడిచేదనుకున్న, రెండక్షరాల పేరు.

ఇంటికి వచ్చాక, పాఠశాల తనిఖీకి వచ్చే అధికారులకు ఆ ఫ్రెంచి పేరు పలకడానికి నోరు తిరగదని నా భార్యతో చెప్పాను. ఆమె బిడ్డ తెల్లగౌను మడత పెడుతూ "సరే" అంది, అంతే. కానీ చనిపోయేవరకు కూతురిని నేను పెట్టిన పేరుతో ఒక్కసారి కూడా పిలవలేదు. "తల్లీ" అనే పిలిచింది. ముద్దుగా పిలుస్తున్నదని అనుకోవడం నాకు సౌకర్యంగా ఉండేది.

ఆమె పోయి మూడేళ్లయింది. ఆఖరు రోజుల్లో సిస్టరమ్మ సంగతి కూతురికి చెప్పిందట.

నేను గీతలు గీసి పట్టీ తయారుచేశాను. ఇరవై పేర్లు, ఎదురుగా అర్థం, అక్షరాల సంఖ్య, అనుకూలం, ప్రతికూలం. మొదటి వరుసలో సిస్టరమ్మ పేరు. ఈ వయసులో ఇంత పని చేయడం విసుగనిపించింది, కానీ పట్టీ అన్నాక సగంలో వదలడం నాకు చేతకాదు.

శనివారం ఆళ్లగడ్డ బస్సెక్కాను. శిరివెళ్లలో ఎక్కిన ఒక రైతు నా పక్కన కూర్చుని నమస్కారం పెట్టాడు. నా పాత విద్యార్థి.

"యాడికి సార్ పోతాండారు?"

మనవరాలికి పేరు పెట్టడానికని చెప్పాను. అతడు కొంచెంసేపు నవ్వును ఆపుకున్నాడు.

"మా నాయన పెట్టింది ఒకటి, ఒకటో తరగతిలో మీరు రాసింది ఇంగొకటి సార్. పొలం పాసుబుక్కులో అది, ఆధారులో ఇది. యాడికి పోయినా ఇద్దరూ నేనే అని చెప్పుకుంటాండా."

"నీ అసలు పేరు మరీ పొడుగు. చక్కగా ఉండాలని కుదించాను" అన్నాను.

"చక్కగానే ఉంది సార్. నాది కాదు, అంతే." కోపం లేకుండానే అన్నాడు. సంచిలోంచి రెండు జామకాయలు తీసి నా చేతిలో పెట్టి, తన ఊరి దగ్గర దిగిపోయాడు.

నేను చేరేసరికి మధ్యాహ్నం మూడు. ఇంగ్లండులో అప్పుడు ఉదయం. అమ్మాయి పాఠం ముగించి, తెరమీదున్న పదేళ్ల పిల్లనూ ఆమె తల్లినీ నా పట్టీ చదవమని కోరింది. నేను పక్కన పెన్సిలుతో కూర్చున్నాను. సిస్టరమ్మ పేరు దగ్గర ఆ పిల్ల ఆగింది, అంది, నవ్వింది, మళ్లీ అంది. తల్లి ప్రయత్నించింది. ఎన్నిసార్లు పలికితే అన్ని వేరు వేరు పేర్లు వచ్చాయి.

ఊయల ఊపుతున్న మా వియ్యపురాలు ఇదంతా చూస్తున్నది. "ఏందన్నా ఈ పరీక్ష? బిడ్డ పుట్టింది ఈడ. పాస్ చేసేది ఆడుండేటోళ్లా?"

"మీకు ఏది బాగుందో చెప్పండమ్మా" అన్నాను.

"నేను బుజ్జీ అంటా. దానికి పట్టీ అక్కర్లే."

ఏడో పేరును తెరమీది తల్లీపిల్లలు మొదటిసారికే అలవోకగా పలికారు. వియ్యపురాలు కూడా తనకు తెలియకుండానే పలికేసింది. అమ్మాయి దాని చుట్టూ సున్న చుట్టి, మొదటి వరుసను కొట్టేసింది.

తెర ఆపాక మెల్లగా చెప్పాను: "మీ అమ్మ కోరింది మొదటిది."

"తెలుసు నాయనా. ఆ పేరు పెట్టలేదని అమ్మ బాధపడలా. అడక్కుండా మార్చినావని బాధపడింది. అది నువ్వు ఇన్నేళ్లూ అనుకోనే ల్యా." బిడ్డ లేచి ఏడవడంతో అటు వెళ్లిపోయింది.

నంద్యాలకు తిరిగి వచ్చిన తరువాత ఒక ఆలోచన నన్ను వదలలేదు. అల్లుడికి తండ్రి లేడు. కనుక బాప్తిస్మం నాడు పేరు చెప్పవలసింది మళ్లీ నేనే. నేను ఏది చెబితే అదే బిడ్డ పేరు. సిస్టరమ్మ పేరు చెప్పేస్తే నా భార్య కోరిక తీరుతుంది. ఆ వారమంతా స్నానాల గదిలో, మేడమీద బట్టలు ఆరవేస్తూ ఆ పేరు సాధన చేశాను. గొంతు మండింది. మూడు పూటలు ఉప్పునీళ్లు పుక్కిలించాను.

ఆదివారం ఆళ్లగడ్డ మందిరంలో బిడ్డకు తెల్లగౌను తొడిగారు. అది మా అమ్మాయి వేసుకున్నదే. అంచులు కొంచెం పసుపెక్కాయి. పాస్టరుగారు చేతిలోకి నీళ్లు తీసుకుని అడిగారు, "ఈ బిడ్డకు ఏ పేరు?"

సిస్టరమ్మ పేరు నోటిదాకా వచ్చింది. ఆ వారపు సాధన అంతా గొంతులో సిద్ధంగా ఉంది. అమ్మాయి నా ముఖం వైపు కాదు, పెదవుల వైపు చూస్తున్నది. బిడ్డను పట్టుకున్న ఆమె వేళ్లు గౌను అంచును నలుపుతున్నాయి. ఆమె తల్లి ఆనాడు ఎక్కడ నిలుచుని ఎలా చూసిందో నాకు తెలియదు. నేను చూడలేదు.

ఏడో పేరు చెప్పాను.

పాస్టరుగారు తడబడకుండా దాన్ని పలికి నీళ్లు పోశారు. బిడ్డ తుమ్మింది. అమ్మాయి వేళ్లు గౌనును వదిలాయి.

బయట చెప్పులు వేసుకుంటుండగా వియ్యపురాలు, "ఏందన్నా, అంతసేపు నిలబడినావు. రాసుకోని గూడా మర్చిపోయినావా?" అంది.

"లేదమ్మా. మరిచిపోలేదు."

భోజనం ముగించుకుని బస్సెక్కాను. ఈమధ్య గంట ప్రయాణానికే నడుము పట్టేస్తున్నది. శిరివెళ్ల దాటాక, ఎవరూ వినడం లేదనుకుని, సిస్టరమ్మ పేరు ఒకసారి పైకి అన్నాను. సరిగా రాలేదు. మళ్లీ అన్నాను.

కండక్టరు వెనక్కి తిరిగి, "యాడ దిగల్ల పెద్దాయనా?" అని అడిగాడు.

నంద్యాల అని చెప్పి కళ్లు మూసుకున్నాను.