ప్రతిఫలం: రోజుకో చెంబు మజ్జిగ

మా కుందుర్పి తిప్పయ్యకు నోటిమాట మీద నమ్మకం లేదు. ఇచ్చిపుచ్చుకునేది ఏదైనా సరే కాగితం మీదికి ఎక్కాలి, కింద ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. లేకపోతే అది ఒప్పందం కాదు, ఆవులింత అనేవాడు.

ముప్పై ఏళ్లు కల్యాణదుర్గంలో దస్తావేజులు రాసి ఊరికి తిరిగొచ్చిన మనిషి. ఆయన ఎదురింట్లో అద్దెకు దిగడం నేను చేసిన తప్పు. బడిపంతులిని, జేబులో ఎప్పుడూ పెన్ను ఉంటుంది, అందుకని శాశ్వతంగా రెండో సాక్షినయ్యాను. మొదటి సాక్షి హోటల్ పుల్లన్న. బడి హాజరుపట్టీలో కంటే తిప్పయ్య కాగితాల మీదే నా సంతకాలు ఎక్కువ.

దిగిన వారానికే నిచ్చెన కావాలని అడిగాను.

"ఇస్తా సారూ. ప్రతిఫలమేంది?"

"నిచ్చెనకు ప్రతిఫలమా?"

"ఒకరు ఇస్తే ఇంకొకరూ ఏదో ఒకటి ఇయ్యల్ల. అప్పుడే ఒప్పందం చెల్లుతాది. ఒక తమలపాకైనా చాలు. ఎంత అని చట్టం అడగదు, ఉండాదా లేదా అనే చూస్తాది."

తమలపాకు తెచ్చిచ్చాను. అంతటితో వదిలాడా? ఒప్పందం చేసుకునేవాడికి మతి స్థిమితంగా ఉండాలట. పరీక్షగా ఏడో ఎక్కం అప్పజెప్పమన్నాడు. నేను లెక్కల పంతులిని. కంగారులో ఏడెనిమిదుల దగ్గర తప్పాను. నిచ్చెన మర్నాడు ఇచ్చాడు.

భార్య రామలక్ష్మమ్మ అలిగి మాటలు మానేస్తే రాజీకి కూడా కాగితమే రాశాడు. "ఎవరి బలవంతమూ లేకుండా" అన్న చోట ఆమె వేలు పెట్టి, "ఇది కొట్టెయ్. నీ బలవంతం లేకుంటే నీతో నేనెందుకు మాట్లాడతా?" అంది. ఆ కాగితం ఇప్పటికీ పెండింగులోనే ఉంది.

రెండువేల రెండులో వాన మొహం చాటేసింది. తిప్పయ్య తోట పక్కన మారెక్కకు ఒక గేదె, నలభై చీనీ (బత్తాయి) చెట్లు ఉన్నాయి. మొగుడు పోయాక కడవలతో నీళ్లు మోసి బతికించుకున్న చెట్లు. తర్వాత వేయించుకున్న బోరు కూడా ఎండిపోయింది. చెట్లు పోతే బెంగళూరుకు కూలికి పోవడమే. తిప్పయ్య బోరులో మాత్రం ఇంకా ఒకటిన్నర ఇంచి నీళ్లు పడుతున్నాయి. ఊళ్లో ఒకరిద్దరు నీళ్లిస్తామన్నా మారెక్క ఒప్పుకోలేదు.

"ఊరికే తీసుకుంటే జన్మంతా తల వంచుకోవల్ల. నాకొద్దు."

తిప్పయ్య పది రూపాయల స్టాంపు కాగితంతో, సాక్షులమైన మా ఇద్దరితో ఆమె ఇంటికి వెళ్లాడు.

"ఒప్పందానికి వచ్చినా మారెక్కా. దినామూ రెండు గంటలు నా నీళ్లు నీ చెట్లకు. నీ ఎనుము మజ్జిగ దినానికి ఒక చెంబు నాకు."

"అంత నీళ్లకు ఇంత మజ్జిగేనా అన్నా?"

"నా బేరం నాది. నీకెందుకు?"

మారెక్క కాసేపు ఆలోచించి వేలిముద్ర వేసింది. ఈసారి ఏడో ఎక్కం తిప్పయ్యనే అడగాలనిపించింది నాకు.

ఎండలు ముదిరాక తిప్పయ్య కొడుకు రాఘవేంద్ర, "మన చెట్లే వాడిపోతాండాయి" అని మారెక్క వైపు వాల్వు కట్టేశాడు. మర్నాడు పొద్దున్నే మారెక్క ఒక చేత కాగితం, ఒక చేత చెంబుతో వచ్చి వాకిట్లో నిలబడింది.

"తిప్పయ్యన్నా, నా రెండు గంటలు యాడ? సాక్షి సారు ఈడనే ఉండాడు, అడుగు."

తిప్పయ్య కొడుకును పిలిచాడు. "పోయి వాల్వు తిప్పు. కోర్టుకు పోతే ఆమెదే గెలుపు. నేనే ఆమె పక్క సాక్ష్యం చెప్తా."

రాఘవేంద్ర గొణుక్కుంటూ వెళ్లాడు. తిప్పయ్య నా చెవి దగ్గరికి వంగాడు. ముఖం వెలిగిపోతోంది.

"చూసినావా సారూ, ఎట్ల దబాయిస్తాండాదో. ఆ దబాయింపు కోసమే కాగితం రాసినా. ఊరికే ఇచ్చింటే ఈపొద్దు వాకిట్లోకి కూడా వచ్చిండదు."

ఆయన్ని చూసి ఇన్నేళ్లు నవ్వినందుకు సిగ్గేసింది.

"నీ ప్రతిఫలం తీసుకో అన్నా" అని మారెక్క చెంబు చాచింది. "నా ముందరే తాగు. మళ్ల ముట్టలేదంటావు."

తిప్పయ్య ముఖం వాడిపోయింది. గడప దగ్గర రామలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పెండ్లైనప్పటి నుంచి ఈయప్ప మజ్జిగ ముట్టలా సారూ. వాసనకే కడుపు తిప్పుతాది. దినామూ నేనే తాగుతాండా" అని నా చెవిలో చెప్పింది.

తిప్పయ్య కళ్లు మూసుకుని, ముక్కు పట్టుకుని చెంబు ఎత్తాడు. రెండో సాక్షిగా చెబుతున్నాను, అడుగున చుక్క మిగల్లేదు.