మా పాప్‌కార్న్ మెషీన్‌లో వడగళ్ళు

నూనె లేకుండా వేడిగాలితో పాప్‌కార్న్ చేసే మెషీన్ ఒకటి చవకలో కొందామని, కిందటేడు మా వారిని వెంటబెట్టుకుని ఎర్రగడ్డలో ఒక షాపుకి వెళ్ళాను. మేముండేది ఫిల్మ్ నగర్‌లో. ఆయన సినిమాలకు సౌండ్ ఎఫెక్టులు చేస్తారు. నేను ధర ఎంత, కడగడం సులువేనా అని చూస్తుంటే, ఆయన ఒక్కో మెషీన్ ఆన్ చేయించి, కళ్ళు మూసుకుని వింటూ నిలబడ్డారు.

“అది రేటు తక్కువనే గానీ బాగ మోత చేస్తదన్నా,” అన్నాడు షాపతను.

“అదే ఇవ్వండి,” అన్నారీయన.

మోత చేసేదాన్ని ఎవరైనా కోరి కొంటారా? అడిగితే నవ్వుతూ డబ్బులు తీసిచ్చేశారు. మర్నాడే దాన్ని స్టూడియోకి పట్టుకెళ్ళారు. వారం తర్వాత గానీ అది వంటింట్లోకి రాలేదు. ఇక రోజూ సాయంత్రం దాని మోతే.

కొన్ని నెలలకు ఆయన పనిచేసిన సినిమా చూడ్డానికి వెళ్ళాం. రేకుల ఇంట్లో హీరో తల్లి ప్రాణం పోతోంది. పైన వడగళ్ళు పడుతున్నాయి. ఆ చప్పుడు ఎక్కడో విన్నట్టుంది. మా మెషీన్‌లో గింజలు ఎగిరి మూతకు తగిలే చప్పుడే. ఎంత ఆపుకున్నా నవ్వు పైకి వచ్చేసింది.

ముందు సీట్లో ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ వెనక్కి తిరిగింది. “ఏందమ్మా, గాడ తల్లి సచ్చిపోతుంటే నవ్వుతున్నవ్?”

నేను తలెత్తుకోలేకపోయాను. మా వారేమో నా చెవిలో, “నువ్వు గుర్తుపట్టావంటే నేను సరిగ్గా చేయలేదన్నమాట,” అన్నారు దిగులుగా.

నేను ముందు సీటు వైపు చూపించాను. ఆవిడ మళ్ళీ ఏడుస్తోంది.

ఇప్పుడు ఏ సినిమాలో వాన కురిసినా, ముందుగా అది ఎవరి వంటింట్లో కురిసిందో అనుకుంటాను.